జగ్గన్నతోట ప్రభల తీర్థము

జగ్గన్నతోట ప్రభల తీర్థము ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని కోనసీమ ప్రాంతమునందు, అంబాజీపేట మండలమునకు చెందిన మొసలపల్లి శివారులోని కొబ్బరితోటలో ప్రతి సంవత్సరము కనుమ పండుగ నాడు జరిగే ఉత్సవము. ఈ తోటలో దేవాలయము లేదు. పరిసరములలోని 11 గ్రామముల శివాలయముల నుండి ఏకాదశ రుద్రులు ప్రభలపై వచ్చి ఇచ్చట కొలువుతీరుతారు.

పాల్గొను గ్రామములు

వ్యాఘ్రేశ్వరము, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము, పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి.

ప్రభ

కర్రలతో, వెదురుతో తోరణాకారముగా ప్రభను కట్టి, రంగుల వస్త్రములతోను, పూలతోను అలంకరించి, నడుమ స్వామి విగ్రహమును నిలుపుతారు. "శరభా! అశ్శరభా!" అని కేకలు వేస్తూ దీనిని భుజములపై మోస్తారు. వ్యాఘ్రేశ్వరుని ప్రభ తోటకు చేరగానే మిగిలిన ప్రభలను ఒకసారి పైకెత్తి గౌరవము తెలుపుతారు.

కౌశిక దాటుట

తీర్థములో అతి క్లిష్టమైన ఘట్టము ఇదే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు వరిచేల మీదుగా వచ్చి, కౌశిక పాయను దాటవలసి ఉంటుంది. మోసేవారు నీటిలో దిగి, ప్రభ ఒరగకుండా ఆవలి గట్టుకు చేరుస్తారు. దారిలో పైరు నలిగినా రైతులు అడ్డుచెప్పరు. స్వామి సాగిన చేను బాగా పండుతుందని వారి విశ్వాసము.

గుర్తింపు

2023 గణతంత్ర దినోత్సవమున న్యూఢిల్లీలో ఆంధ్ర ప్రదేశ్ శకటము ప్రభల తీర్థమును ప్రదర్శించినది.