వాక్యం తెలిసిన నటుడు: గొల్లపూడి మారుతీరావు

తెలుగు సినిమాలో గుణచిత్ర నటులు చాలామంది నాటకరంగం మీద ఆరితేరి వచ్చినవారు. గొల్లపూడి మారుతీరావు మాత్రం రచయితగా పేరు తెచ్చుకుని, నలభై దాటాక ముఖానికి రంగు వేసుకున్నారు. ఆయన నటనకు బలం ఆ రాతలోనే ఉంది.

1939 ఏప్రిల్ 14న విజయనగరంలో పుట్టిన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుని, ఆంధ్రప్రభలో ఉపసంపాదకుడిగా చేరారు. తర్వాత ఆకాశవాణిలో ఉద్యోగం. రేడియో నాటకంలో ముఖం కనపడదు. మనిషి స్వభావమంతా గొంతులోనే పలకాలి. ఆ విద్య ఆయనకు అక్కడే పట్టుబడింది. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’తో సినిమా రచనలో అడుగుపెట్టారు. కె. విశ్వనాథ్ తొలి చిత్రం ‘ఆత్మగౌరవం’ కథలోనూ ఆయన చెయ్యి ఉంది.

1982లో కోడి రామకృష్ణ తన మొదటి సినిమా ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’లో ఆయన చేత సుబ్బారావు పాత్ర వేయించారు. ప్రేక్షకులకు అదొక కొత్త రకం దుర్మార్గం. అరుపులు, కత్తులు లేవు. పక్కింటి పెద్దమనిషిలా నవ్వుతూ గోతులు తీసే మనిషి. ‘స్వాతిముత్యం’లోనూ ఆ తీపి మాటల కపటమే చూస్తాం. ‘సంసారం ఒక చదరంగం’ (1987)లో మరో మనిషి కనిపిస్తాడు. ఇంటి మధ్య గీత గీసి కొడుకుతో తెగతెంపులు చేసుకున్న ఆ తండ్రిలో కోపం ఎంతో, కడుపుకోత అంత. వాక్యాన్ని ఎక్కడ విరిస్తే మనసు బయటపడుతుందో తెలిసినవాడికే అది సాధ్యం. నటుడిగా తీరిక లేని రోజుల్లోనూ రచయిత వెనకబడలేదు: ఆయన ‘కళ్ళు’ నాటకాన్ని ఎం.వి. రఘు 1988లో సినిమాగా తీశారు.

టెలివిజన్ వచ్చాక ఆ గొంతు మరింత దగ్గరైంది. ‘ఇంటింటి రామాయణం’ ధారావాహికలో నటించారు; ‘ప్రజావేదిక’, ‘మనసున మనసై’ కార్యక్రమాలు నడిపారు.

1992లో ‘ప్రేమపుస్తకం’ తీస్తూ కుమారుడు శ్రీనివాస్ సముద్రంలో ప్రాణాలు కోల్పోయారు. ఆ చిత్రాన్ని తండ్రే పూర్తిచేశారు. కొడుకు పేరిట జాతీయ పురస్కారం నెలకొల్పి, దేశంలోని కొత్త దర్శకులకు ఏటా అందజేశారు. ‘తారే జమీన్ పర్’కు ఆమిర్ ఖాన్ అందుకున్నది ఆ పురస్కారాన్నే.

2019 డిసెంబర్ 12న చెన్నైలో కన్నుమూసే నాటికి ఆయన నటించిన సినిమాలు 250 దాటాయి. సంభాషణను వల్లించడం వేరు, ఆ మనిషి అప్పుడే ఆలోచించి మాట్లాడుతున్నట్టు పలకడం వేరు. సహాయ పాత్రలకు వచ్చే కొత్త నటులు గొల్లపూడిని చూసి నేర్చుకోవలసింది ఈ తేడానే.