పటం కట్టేవారి గుట్టు



ఈ మధ్య ఒక మాట వెంట పడి చాలా దూరం వెళ్ళవలసి వచ్చింది. ఆ మాట ‘పటం’. సంస్కృతంలో పటమంటే వస్త్రం. వస్త్రం మీద బొమ్మ వ్రాసే ఆచారం వల్ల బొమ్మకే ఆ పేరు వచ్చింది. మన తెలుగువాళ్ళం మరొక అడుగు ముందుకు వేసి, కాగితం మీది బొమ్మకు చెక్కచట్రమూ అద్దమూ అమర్చి, దానినీ పటమన్నాం. ‘పటం కట్టించాం’ అంటాము. మాల కట్టినట్టు, ఇల్లు కట్టినట్టు, పటమూ కట్టేదే. అందులోని దేవుడి పేరు అందరికీ తెలుసు, బొమ్మ వ్రాసినవారి పేరు కొందరికి తెలుసు. కట్టినవాడి పేరు ఎవరూ అడగరు.

నేనూ అడగలేదు, నా ఇంట్లో ఒక పటం చెడిపోయేదాకా.

అది మా అమ్మానాన్నల పెళ్ళినాటి ఛాయాచిత్రం, 1958 నాటిది. పాత చట్రానికి చెదలు పట్టిందని మా ఊరి దుకాణంలో కొత్తగా పటం కట్టించాను. ఎనిమిది వానాకాలాలు గడిచాక చూస్తే అద్దం వెనుక తడిమరకలాంటిది కనబడింది. తీసి తుడుద్దామని అంచు పట్టి లాగాను. కాగితం వచ్చింది గాని, అమ్మ ముఖంలో సగం అద్దానికే ఉండిపోయింది.

పక్క వీధిలో ఉన్న ఒక ముసలి పనివాడి దగ్గరకు రెండింటినీ పట్టుకొని పరుగెత్తాను. ఆయన చూసి, “లాగకుండా తెస్తే ఇంతవరకు వచ్చేది కాదు మాస్టారూ” అన్నాడు. తర్వాత తాను కట్టిన పటమొకటి వెనుకవైపు నుంచి విప్పి చూపించాడు. అద్దానికీ బొమ్మకూ నడుమ, చట్రపు గాడిలో దాగేటట్టు, నాలుగు వైపులా సన్నని చెక్కబద్దలు ఉన్నాయి. బొమ్మ అద్దాన్ని తాకదు, నడుమ గాలి ఆడుతుంది. “ఇది మా నాన్న నాకు చెప్పిన గుట్టు. బజారులో చెప్పకండి” అన్నాడు. చెప్పనని మాట ఇచ్చాను.

ఆ మాటే నన్ను చరిత్ర వైపు నడిపించింది. పనివాడు గుట్టు ఎందుకు దాస్తాడు? ఎప్పుడు విప్పుతాడు?

మొదట కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని ‘మానసోల్లాసం’ తెరిచాను. పన్నెండవ శతాబ్దపు తొలి భాగంలో పుట్టిన గ్రంథమది. అప్పటికి మన తెలంగాణ నేలలో చాలా భాగం ఆ రాజుల ఏలుబడిలోనిదే. అందులో చిత్రకారులకు ‘వజ్రలేపం’ తయారుచేసే పద్ధతి ఉంది. పచ్చి దున్నపోతు తోలును నీళ్ళలో వెన్నలా మెత్తబడేదాకా ఉడికించి, కడ్డీలుగా చేసి ఎండబెట్టాలి. కావలసినప్పుడు వేడినీళ్ళలో కరిగించి, తెల్లమట్టితో కలిపి గోడకు పూయాలి. రాజు స్వయంగా పనివాడి జిగురుకుండను గ్రంథానికెక్కించాడు!

సుమారు 1400 ప్రాంతంలో ఇటలీలో చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు తన వృత్తిరహస్యాలను తన భాషలో వ్రాసిపెట్టాడు. చెక్కకు తోలుజిగురు పట్టించి, తెల్లసుద్ద పూతలు వేసి, ఎర్రమట్టి పూసి, దాని మీద బంగారు రేకు అంటించి, రాతితోనో కుక్కపంటితోనో మెరుగుపెట్టే విధానం అందులో ఉంది. బంగారు పూత చట్రాలు చేసేవారికి నేటికీ పునాది ఆ పద్ధతే. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు, వజ్రలేపమన్నా సుద్దపూత అన్నా, తోలుజిగురులో తెల్లమట్టే కలిపారు.

ఐరోపాలో తర్వాత చాలాకాలం వృత్తిసంఘాలే విద్యకు కాపలాదారులు. పారిస్ నగరంలో 1268 ప్రాంతంలోనే ఎతియెన్ బ్వాలో అనే అధికారి వృత్తుల కట్టుబాట్లను గ్రంథస్థం చేయించాడు. ఎవరు నేర్వవచ్చునో, ఎన్నేళ్ళు శుశ్రూష చేయాలో అందులో ఉండేది. ఆ గోడలకు పెద్ద బీటలు కొట్టినది దిదెరో సంపాదకత్వంలో 1751 నుంచి 1772 వరకు వెలువడిన విజ్ఞానసర్వస్వం. వచనం 17 సంపుటాలు, చిత్రఫలకాలు 11 సంపుటాలు. చెక్కకు బంగారు పూత పూసేవారి పనిముట్లు కూడా ఆ ఫలకాలలో బొమ్మలుగా అచ్చయ్యాయి.

మన వైపు కథ వేరు. తంజావూరులో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు పనసచెక్క మీద గుడ్డ అతికి, సుద్దజిగురుతో ఉబ్బెత్తు చేసి, బంగారు రేకులు పొదిగి దేవతామూర్తులను తీర్చేవారు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికే ఆ విద్య దిగేది. తర్వాత 1894లో రవివర్మ బొంబాయిలో రంగుల అచ్చుశాల పెట్టించాడు. లక్ష్మీ సరస్వతులు కాగితం మీద కొద్ది ధరకే మధ్యతరగతి ఇళ్ళకు రాసాగారు. వచ్చిన ప్రతి బొమ్మకూ చట్రం కావాలి, అద్దం కావాలి. వడ్రంగులు, అద్దాలు కోసేవారు ఆ పనికి దిగి ఉంటారు. వారికి వెనుక గురుపరంపర లేదు, ముందు గ్రంథమూ లేదు. పాడుచేసుకుంటూ నేర్చుకున్న కిటుకులే వారి ఆస్తి. ఆస్తిని ఎవరైనా దాచుకుంటారు గదా!

ఇక నా పటం మాట. ఛాయాచిత్రపు కాగితం మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ పొర. జెలటిన్ అంటే పశువుల తోలు, ఎముకల నుంచి తీసే పదార్థం. సోమేశ్వరుడు ఉడికించమన్న జిగురుకు శుద్ధిచేసిన తోబుట్టువే! చెమ్మ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, ఆరితే తాకిన అద్దాన్ని పట్టుకుంటుంది. అమ్మ ముఖాన్ని అద్దానికి అతికించినది పనివాళ్ళకు వేల ఏళ్ళుగా తెలిసిన గుణమే.

మరొక సంగతి తెలిసి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బొమ్మ అద్దాన్ని తాకరాదన్నది నేడు ఈ వృత్తిలో తొలిపాఠం. వెనుక ఆమ్లం లేని అట్ట పెట్టాలనీ, నాసిరకం అట్టలోని ఆమ్లం కాగితాన్ని పసుపుపచ్చగా మార్చి పెళుసు చేస్తుందనీ, గోధుమపిండి జిగురు వాడితే కావలసినప్పుడు నీటితో విడదీయవచ్చుననీ, చేసిన పనిని రేపు మరొకడు విప్పగలిగేటట్టు చేయాలనీ పుస్తకాలలో అచ్చువేసి చెబుతారు. లండన్‌లో 1847లో పుట్టిన చిత్రవర్తకుల సంఘం వారసులు పటం కట్టేవారికి పరీక్ష పెట్టి మరీ యోగ్యతాపత్రం ఇస్తారు. మా ముసలాయన ప్రాణంలా దాచుకున్న గుట్టు లోకమంతటికీ తెలిసినదే. తెలియనిది పక్క వీధి దుకాణానికే.

ఆ దుకాణదారును నేను తప్పుపట్టను. అతనికి చెప్పినవారు లేరు. దాచినాయననూ తప్పుపట్టను. నాలుగు రూపాయలు తగ్గించి కట్టే పోటీదారు మధ్య ఆ నాలుగు బద్దలే ఆయన పిల్లలకు అన్నం. కానీ ఇద్దరి నడుమ ఉన్న ఆ నూరు గజాల మౌనానికి వెల మా అమ్మ ముఖం.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఇచ్చిన మాట తప్పుతున్నానా అని చాలా రోజులు తటపటాయించాను. ముప్పై యేళ్ళు పాఠాలు చెప్పి బ్రతికినవాణ్ణి. ఛందస్సు సూత్రాలు అందరికీ చెప్పాను, అంతమాత్రాన అందరూ కవులు కాలేదు. సూత్రం వేరు, చేయి వేరు. నలభైయైదు డిగ్రీల మూలను వెలుగు చొరకుండా కలిపే ఆయన చేతివాటం ఎవరికి చెప్పినా పోదు, చెప్పినంతమాత్రాన రాదు. నాలుగు బద్దల మాట మాత్రం చెప్పకపోతేనే పోతుంది.

అందుకే వ్రాశాను. ఈ పూట మీ గోడ మీది పాత ఛాయాచిత్రాన్ని ఒక్కసారి దగ్గరగా చూడండి. అద్దాన్ని తాకుతున్నట్టుంటే, దయచేసి లాగకండి. తెలిసిన చేతికి ఇవ్వండి. ఆ చేతికి తెలియకపోతే, మీరే చెప్పండి.