తెగిన చెప్పు, పగిలిన పాదం

రాజగృహంలో గృధ్రకూటం ఎక్కే రాతిదారిలో, సగం దూరం వెళ్లాక, మా బృందంలోని ఒక మిత్రుని షూ అడుగు ఊడిపోయింది. కొన్నేళ్ల కిందట కొని, అల్మరాలో దాచి, ఈ యాత్ర కోసమే బయటికి తీసిన షూ అది. మొదట మడమ దగ్గర నోరు తెరిచింది. ఇంకో పదడుగులు వేసేసరికి అట్ట మొత్తం వేలాడింది. ఒక కండువా చించి, రెండుచోట్ల షూ చుట్టూ బిగించి కట్టాం. ముడి అరికాలి కిందికి రాకుండా పైన వేశాం. ఆయన కుంటుకుంటూనే కొండెక్కి దిగాడు. కింద రోడ్డు పక్కన కూర్చున్న చెప్పులు కుట్టే పెద్దాయన దాన్ని అటూ ఇటూ వంచి చూసి, ఇలాంటివి వాడకుండా దాచినా పోతాయని చెప్పాడు. నిజమే. చాలా షూల అడుగున ఉండే పాలీయూరిథేన్ నురుగు గాలిలోని తేమకే ఏళ్ల తరబడి మెల్లగా చెడి, చివరికి పొడిగా రాలిపోతుంది.

కొండ మీద కూర్చున్నప్పుడు మాకు ఒక సంగతి గుర్తొచ్చింది. సంఘంలో చెప్పుల నియమం పుట్టిన కథ కూడా ఈ గృధ్రకూటం దగ్గరే మొదలవుతుంది. వినయపిటకంలోని మహావగ్గంలో అయిదో ఖంధకం పేరు చమ్మక్ఖంధకం, అంటే తోలు వస్తువులను గురించిన అధ్యాయం. చంపానగరంలో సోణ కోళివీసుడనే శ్రేష్ఠి కుమారుడు ఉండేవాడు. అరికాళ్లలో వెంట్రుకలు మొలిచేంత సుకుమారంగా పెరిగినవాడు. భగవానుని బోధ విని భిక్షువై, ఈ కొండకు దగ్గరలోని సీతవనంలో సాధన మొదలుపెట్టాడు. పట్టుదలతో చంక్రమణం చేసి చేసి పాదాలు పగిలాయి. అతడు నడిచిన బాట నెత్తురుతో తడిసింది. అది చూసిన బుద్ధుడు అతనికి వీణ తీగలను గుర్తుచేశాడు. మరీ బిగించినా పలకవు, మరీ వదిలినా పలకవు.

వీణ ఉపమానం మనందరికీ తెలుసు. దాని తరువాత జరిగింది మాత్రం మన ప్రసంగాల్లో అంతగా వినబడదు. సోణుడు అర్హతుడైన తరువాత, అతని సుకుమారమైన పాదాలను చూసి బుద్ధుడు ఒకే పొర అట్ట ఉన్న చెప్పులు వేసుకొమ్మని అనుమతించాడు. సోణుడు వెంటనే ఒప్పుకోలేదు. ఎనభై బండ్ల బంగారాన్నీ ఏనుగుల దళాన్నీ వదిలి వచ్చినవాడు ఇప్పుడు ఒక చెప్పుల జతను పట్టుకు వేలాడుతున్నాడని జనం అంటారన్నాడు. సంఘమంతటికీ అనుమతి ఉంటే తానూ తొడుక్కుంటాననీ, లేకపోతే వద్దనీ విన్నవించాడు. అప్పుడు బుద్ధుడు భిక్షువులందరికీ ఒంటిపొర చెప్పులను అనుమతించాడు. శ్రేష్ఠి కొడుకు తన పాదాలకు ప్రత్యేక హక్కు అడగకపోవడం వల్ల, ఏ ఇంటి నుంచి వచ్చిన భిక్షువుకైనా చెప్పులు దక్కాయి.

ఇంకోసారి బుద్ధుడు రాజగృహంలో భిక్షకు వెళుతుంటే వెనకాల ఒక భిక్షువు కుంటుతూ నడుస్తున్నాడు. దట్టమైన అట్ట చెప్పులు వేసుకున్న ఒక ఉపాసకుడు ఎదురొచ్చి, చెప్పులు విడిచి నమస్కరించి, ఎందుకు కుంటుతున్నారని అడిగాడు. పాదాలు పగిలాయని ఆ భిక్షువు చెప్పాడు. ఉపాసకుడు విడిచిన తన చెప్పులనే ఇవ్వబోయాడు. పలుపొరల చెప్పులకు అనుమతి లేదని భిక్షువు వెనక్కి తగ్గాడు. బుద్ధుడు తీసుకొమ్మన్నాడు. ఒకరు వాడి విడిచినవైతే పలుపొరల చెప్పులు వేసుకోవచ్చనీ, కొత్తవి మాత్రం వద్దనీ నియమం సడలించాడు. ఆడంబరం సంఘంలోకి రాకూడదు. అంతమాత్రాన పగిలిన పాదం పగిలినట్టే ఉండనక్కర లేదు.

ఆ అధ్యాయంలో ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. ఆనెకాయలు లేచిన ఒక భిక్షువును తోటివారు మోసుకుపోవడం చూసి, పాదాల బాధ ఉన్నవారు విహారంలో కూడా చెప్పులు వేసుకోవచ్చన్నాడు. రాత్రిపూట మోళ్లూ ముళ్లూ గుచ్చుకుంటున్నాయంటే చెప్పులతో పాటు దివిటీ, దీపం, చేతికర్ర కూడా అనుమతించాడు. చెక్క పావుకోళ్ల చప్పుడు ధ్యానంలో ఉన్నవారిని కదిలించింది, వాటి కింద పురుగులు నలిగాయి. అందుకని అవి వద్దన్నాడు. తాటాకు చెప్పుల కోసం లేత తాళ్లను నరుకుతున్నారని జనం బాధపడితే అవీ వద్దన్నాడు. చెప్పులను నడుముకు కట్టుకుని భిక్షకు పోయిన ఒక భిక్షువుకు ఉపాసకుడు వంగి నమస్కరిస్తే, ఆయన తల ఆ చెప్పులకు తగిలింది. భిక్షువు సిగ్గుపడ్డాడు. అందుకు చుల్లవగ్గంలో పరిష్కారం ఉంది: చెప్పులకొక సంచి, భుజానికొక పట్టీ. చెప్పులను ముందు పొడిగుడ్డతో, తరువాత తడిగుడ్డతో తుడవాలని కూడా అక్కడే రాసి ఉంది. ఈ నియమాల్లో ఏ ఒక్కటీ ముందే కూర్చుని రాసుకున్నది కాదు. ఎవరో ఒకరికి నొప్పి కలిగింది, దానికి జవాబు దొరికింది.

మనకు అన్నిటికన్నా దగ్గరది అవంతి కథ. అక్కడి నుంచి మహాకచ్చాన స్థవిరుడు తన శిష్యుడు సోణ కుటికణ్ణుని బుద్ధుని దగ్గరకు పంపుతూ అయిదు విన్నపాలు చేశాడు. వాటిలో ఒకటి చెప్పుల గురించే. మా దేశపు నేల పైన నల్లగా, గట్టిగా, పశువుల గిట్టలతో ముళ్లు తేలి ఉంటుంది, కాబట్టి పలుపొరల చెప్పులు కావాలని. నల్లరేగడిలో నడిచినవారికి ఇది విడమరచి చెప్పనక్కర లేదు. వానలో బురదైన చెలకలో పశువులు దిగితే గిట్టల గుంటలు పడతాయి. ఎండకు ఆ గుంటల అంచులు రాయిలా బిగుసుకుని అరికాలిని కోస్తాయి. గంగామైదానపు మెత్తని మట్టికి సరిపోయిన ఒంటిపొర అట్ట ఇక్కడ నిలవదు. బుద్ధుడు ఒప్పుకున్నాడు. మధ్యదేశపు హద్దులు చెప్పి, వాటికి వెలుపల ఉన్న ప్రత్యంత దేశాలన్నిటిలో పలుపొరల చెప్పులు వేసుకోవచ్చన్నాడు. ఆ హద్దులకు దక్షిణాన ఉన్న మన తెలుగునేల కూడా అందులోదే. సుత్తనిపాతం చెప్పే బావరి పదహారుగురు శిష్యులు గోదావరి ఒడ్డు నుంచి ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశల మీదుగా ఈ మగధకు నడిచొచ్చారు. ఆ గాథలు వాళ్ల పాదాల సంగతి చెప్పవు. దారిలో నల్లనేల ఎంత ఉందో మనకు తెలుసు.

ఇదే నేల మీద చెప్పుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. లందలో తోలు నానబెట్టి, తంగేడు పట్టతో పదును చేసి, ఆరెతో కుట్టి దొరలకు కిర్రుచెప్పులు చేసిచ్చిన మనిషి, అదే దొర వీధిలో తన చెప్పులు విడిచి చేతపట్టుకుని నడవాల్సి వచ్చింది. మన తాతలు అలా నడిచారు. అది ముగిసిన కథ అనుకోవడానికి లేదు. 1989 నాటి షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, దళితులను బహిరంగ ప్రదేశాల్లో చెప్పులు వేసుకోనివ్వకుండా అడ్డుకోవడాన్ని పేరుపెట్టి నేరంగా చేర్చవలసి వచ్చింది. ఆ సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. పాదం పగిలిందా అని అడిగిన వినయం ఒక పక్క, ఎవరి పాదం అని అడిగిన కులం ఇంకో పక్క. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబుతో పాటు ధమ్మంలోకి నడిచిన లక్షల మంది ఈ రెండో ప్రశ్నను వెనక వదిలి వచ్చారు.

అందుకే ధమ్మయాత్రకు బయలుదేరేవారికి మా మాట. దాచిన షూను నమ్మకండి, వారం ముందే తొడిగి నడిచి చూడండి. దబ్బనం, గట్టి దారం, నాలుగు గుడ్డ పట్టీలు, ఒక జత మామూలు చెప్పులు సంచిలో పెట్టుకోండి. వెనకబడినవారి కోసం ఆగి, ఎందుకు కుంటుతున్నారో అడగండి.

ఆ రోజు ఆ పెద్దాయన షూ కుట్టడానికి అరగంట పట్టింది. మధ్యాహ్నపు బండ కాలుతోంది. మా మిత్రుడు ఒంటికాలి మీద నిలబడటం చూసి, ఆయన తలెత్తకుండానే తన చెప్పులు విడిచి ఇటు జరిపాడు. మా మిత్రుడు వాటిని తొడుక్కుని, షూ సిద్ధమయ్యేదాకా ఆయన పక్కనే కూర్చున్నాడు.