ఉపగ్రహ గమనము – భూమి కొలత

పొలము గట్టుపై తగవు వచ్చినపుడు సర్వే గొలుసు తీర్పు చెప్పుట విడవలూరు రైతులకు క్రొత్త కాదు. అట్టి గొలుసుతోనే భూగోళపు ఆకారమును తేల్చబూనిన వాడు విలియం లాంబ్టన్ అను ఆంగ్ల సేనాధికారి. 1802 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు చెంత సెయింట్ థామస్ కొండ వద్ద అతడు ఏడున్నర మైళ్ల నేలను ఉక్కు గొలుసుతో కొలువ మొదలిడెను. ఆ ఒక్క గీతకే 57 దినములు పట్టెను. దాని ఆధారముగా త్రిభుజముపై త్రిభుజముగా సాగిన కొలత, జార్జి ఎవరెస్టు కాలమునకు హిమాలయ పాదమును చేరెను.

భూమి ధ్రువముల వద్ద నొక్కుకొని, మధ్యరేఖ వద్ద ఉబ్బియున్నదని పండితులు ఎరుగుదురు. ఉబ్బు ఎంత యన్నదే చిక్కు. గొలుసు సముద్రమును దాటజాలదు. ఒక ఖండపు కొలత మరియొక ఖండపు కొలతతో సరిగా పొసగదు.

ఆ చిక్కును విప్పినది కృత్రిమ ఉపగ్రహము. 1957 అక్టోబరు 4న రష్యావారు మొదటి స్పుత్నిక్‌ను, మరుసటి నెలలో రెండవ దానిని ప్రయోగించిరి. భూమి నిండు గోళమే యైనచో ఉపగ్రహము తిరుగు తలము నక్షత్రముల నడుమ స్థిరముగా నుండవలెను. మధ్యరేఖ యుబ్బు ఆకర్షణచే అది దినదినమును కొంత ప్రక్కకు జరుగును. ఆ జరుగుబాటును కొలిచినచో ఉబ్బు లెక్క తేలును. ధ్రువ వ్యాసార్ధము మధ్యరేఖ వ్యాసార్ధముకంటె 297లో ఒక వంతు తక్కువయని అంతవరకు నమ్మిరి, 298.3లో ఒక వంతని 1958లో తేలెను. భేదము సుమారు 90 మీటర్లు. మరుసటి యేడు అమెరికా ఉపగ్రహము వాన్‌గార్డ్ గమనమును బట్టి, భూమి స్వల్పముగా బేరిపండు ఆకారమున నున్నదని కనుగొనిరి. ఇట్టి జాడలను ఛాయాచిత్రములుగా పట్టుటకు లోకమున నెలకొల్పిన 12 పెద్ద కేమరాలలో ఒకటి నైనిటాల్‌లో నుండెను.

గొలుసు దాటలేని సముద్రమును సయితము ఉపగ్రహము కొలువగలదు. అది పంపిన రేడియో తరంగము నీటిని తాకి తిరిగివచ్చు కాలమును బట్టి నీటికిని దానికిని గల దూరము తెలియును. అయితే ఉపగ్రహము ఎంత ఎత్తున నున్నదో ముందుగా కచ్చితముగా తెలియవలెను. కక్ష్య లెక్క తప్పినచో సముద్రమట్టపు లెక్కయు తప్పును.

2004 డిసెంబరు 26న సునామీ నెల్లూరు కోస్తా పల్లెలపై విరుచుకుపడెను. సుమాత్రా చెంత భూకంపము కలిగిన రెండు గంటలకు, హిందూ మహాసముద్రముపై పోవుచున్న రెండు ఉపగ్రహములు నడికడలిలో సుమారు 60 సెంటీమీటర్ల అలను కొలిచెను. కాని ఆ లెక్క తేలునప్పటికి అల గట్టు తాకి పోయెను. కొలత యుండియు కబురు లేకపోయెను. ఆ కొరత తీర్చుటకు 2007 అక్టోబరులో హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము వెలసెను. భూకంపమాపకములును, కడలి యడుగున నీటి ఒత్తిడిని పసిగట్టు సాధనములును దానికి కన్నులు.

విడవలూరునకు దక్షిణమున, ఇదే తీరమున నున్న శ్రీహరికోట నుండి మొదటి రాకెట్టు 1971 అక్టోబరు 9న లేచెను. నాడు నెల్లూరు జిల్లాలోని ఆ దీవి 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. సముద్రమట్టమును కొలుచుటకు భారత, ఫ్రాన్సు దేశములు కలిసి నిర్మించిన సరళ్ ఉపగ్రహము 2013 ఫిబ్రవరి 25న అక్కడినుండియే ఎగసెను. 1993 మొదలు ఇట్టి ఉపగ్రహములు చూపిన లెక్కల ప్రకారము ప్రపంచ సముద్రమట్టము సగటున ఏటేట మూడు మిల్లీమీటర్లకు మించి పెరుగుచున్నది. వరిచేలకు కొలది దూరములోనే ఉప్పునీరు గల తీరగ్రామములకు ఆ మిల్లీమీటర్లు గట్టు తగవుకంటె చిన్న విషయము కాదు.