బంతి కదలకముందే



ఏరువాక సాగిననాడు పంటను లెక్కవేసికొనని రైతును నేనెరుగను. దుక్కి ఎట్లు పదునెక్కినది, విత్తనమెట్టిది, మృగశిర ఎట్లు దిగినది అని నాలుగు మాటలాడి, అయిదవ మాటగా, ఈ యేడు గాదెలు చాలవనును. వానయో, ఇంకను దారిలోనే యుండును. ఫుట్‌బాల్ జట్టునొకదానిని తమదిగా నెంచుకొన్నవారి తీరును ఇట్టిదే. పోటీలింకను నెలనాళ్లుండగనే ఎవరిని ఎన్ని గోలులతో ఓడింతుమో వారికి తెలిసియుండును. మా మందమర్రిలో బొగ్గుబావినుండి పైకివచ్చి, మొగమునందలి మసి కడుగుకొనకయే ఇట్టి లెక్కలు వేయువారిని నేను చూచితిని. నవ్వదగిన సంగతియే. కాని ఈ ధీమా దేనిపై నిలిచియుండెనో విచారించినచో హైదరాబాదు నగరచరిత్రలో ఒక భాగము కనబడును. దానినే నేడు మనవి చేయుచున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం అను ఉపాధ్యాయుడు 1909లో హైదరాబాదున జన్మించెను. 1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియయ్యెను. ఆ యేటనే నగర పోలీసు జట్టు బెంగుళూరునకు పోయి ఆష్ గోల్డ్ కప్పు పోటీలో రాయల్ ఎయిర్ ఫోర్సువారి జట్టును ఓడించెను.  యుద్ధమునకై వచ్చిన దొరల జట్టును మన పోలీసు జవానులు ఓడించుట చిన్న మాట కాదు. నగరమునకు తన జట్టుపై నమ్మకము కుదిరినది అప్పటినుండియే యని నా యభిప్రాయము.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. ఆ కాలపు కష్టములు మీలో పెద్దల నోట విననివారుండరు. రెండేండ్లు గడచినవి. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో చేరెను. ఆ సంవత్సరమే రహీం సాహెబు పోలీసు జట్టు శిక్షణభారమును వహించెను. అదే యేట ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును, ఢిల్లీలో కలకత్తా మోహన్ బగాన్ జట్టుపై డ్యూరాండ్ కప్పును గెలిచెను. అంతవరకు ఫుట్‌బాలనగా కలకత్తాయే యని దేశమంతయు తలచుచుండెను.

అటుపై 1951, 1952, 1953, 1954 సంవత్సరములలోను రోవర్స్ కప్పు హైదరాబాదునకే వచ్చెను. వరుసగా అయిదేండ్లు! నాలుగుమార్లు గెలిచిన జట్టు అయిదవమారు బొంబాయి రైలెక్కునపుడు, ఆ జట్టును నమ్ముకొన్నవారి మనసులో ఏముండునో వేరుగా చెప్పనక్కరలేదు. కప్పు మనదే, తెచ్చుటయే తరువాయి.

ఆ ధీమాకు ఆధారమేమి? ఆ జట్టువారు జీతమునకు తెచ్చుకొన్న పరదేశులు కారు. ఆట వారికి వృత్తియు కాదు. పోలీసు కొలువు చేయుచు ఆడెడివారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ మొదలగువారిని నగరము చిన్ననాటనుండి మైదానములలో చూచినది. రహీం సాహెబు పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టెడివాడు. ఒకదానిలో బంతిని తనయొద్ద నిలుపుకొని ఒంటిగా తీసికొనిపోరాదు, అందినదే తడవుగా తోడివానికి అందింపవలెను. మరొకదానిలో అలవాటులేని కాలితోనే తన్నవలెను. కుడిచేతివాటముగలవానిచే ఎడమచేత కొడవలి పట్టించినట్లు! బాలురు మొదట తడబడిరి గాని పెద్దవారైన పిదప రెండు కాళ్లును సమానముగా ఆడినవి. కావున అభిమాని ముందుగా వేసిన లెక్క గాలిలెక్క కాదు. దుక్కిని కన్నులార చూచినవాని లెక్క.

అయినను లెక్క తప్పెడిది. 1955లో రోవర్స్ కప్పును మోహన్ బగాన్‌వారు ఎత్తుకొనిపోయిరి. ఇక రహీం సాహెబునకు అభిమానుల ధీమా ఉండెనా యని నాకు సందేహము. 1952లో హెల్సింకీ ఒలింపిక్సునకు ఆయన దేశపు జట్టును తీసికొనిపోగా యుగోస్లావియా పదింటికి ఒకటిగా ఓడించినది. మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. చలిదేశపు తడిగడ్డిపై అది చెల్లలేదు. బూట్లు తొడుగుట అలవాటు చేయించి, ఆట పద్ధతిని మార్చి, 1956లో మెల్బోర్నున ఆయన మన జట్టును నాలుగవ స్థానమునకు చేర్చెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణపతకము తెచ్చునాటికి ఆయన దేహమున కాన్సరు ముదిరియుండెను. 1963 జూనులో మరణించెను.

తరువాతి కథ త్వరగా చెప్పెదను. కలకత్తా క్లబ్బులు ధనమిచ్చి మన పిల్లలను పిలిచినవి. సికింద్రాబాదువాడైన తులసీదాస్ బలరాం, పిదప నయీముద్దీన్, హబీబ్, ఇట్లు మేటివారందరును అటే పోయిరి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచెను గాని పూర్వపు వెలుగు క్రమముగా తగ్గెను. దశాబ్దములపాటు హైదరాబాదువాడు ధీమాపడుటకు జట్టే లేకపోయెను.

2019లో వచ్చినది హైదరాబాద్ ఎఫ్.సి. ఇది వ్యాపారపు జట్టు. పుణె నగరపు జట్టు మూతపడగా దాని స్థానమున వచ్చినది. గచ్చిబౌలి మైదానము దానికి ఇల్లు. రహీం సాహెబు నగరమునకు మరల జట్టు వచ్చెనని అభిమానులు పొంగిరి. మొదటి ఆటలోనే కలకత్తాలో అయిదు గోలులు పడినవి. మనవారు ఒక్కటియు వేయలేదు. ఆ యేడు పదునెనిమిది ఆటలలో గెలిచినవి రెండే, దక్కినది కడపటి స్థానము. మూడవ యేట, అనగా 2022 మార్చి 20వ తేదీన, అదే జట్టు గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి లీగు విజేతయయ్యెను. కట్టిమని అను గోలుకీపరు మూడు తన్నులను ఆపెను. కాని చిత్రము చూడుడు. కరోనా కారణమున రెండేండ్లును ఆటలన్నియు గోవాలోనే జరిగెను. ఇంటివారెవ్వరును గచ్చిబౌలిలో కూర్చుండి చూడని గెలుపది.

ఆపై వచ్చిన 2022-23 పోటీలకు ముందు అభిమానికి కలిగిన ధీమాను ఎవడు తప్పుపట్టగలడు? శిక్షకుడు మనోలో మార్కెజ్ ఉండెను, గోలులు కురిపించు ఒగ్బెచే ఉండెను. జట్టు పట్టికలో రెండవదిగా నిలిచి, సెమీఫైనలులో పెనాల్టీలయందు పోయెను. మరుసటి యేడు ఆ యిరువురును లేరు. జీతములందక ఆటగాండ్రు ఒక్కరొక్కరే విడిచిపోయిరి. ఇరువదిరెండు ఆటలలో గెలిచినదొక్కటి.

ఇక్కడనే నాకు బాధ. రహీం సాహెబు కాలమున అభిమాని తాను నమ్ముదానిని చూడగలిగెను. ఈ కాలపు వానికి ఆటగాండ్ర పేర్లు కంఠపాఠమే, కాని కార్యాలయపు చిట్టాపుస్తకము అతని కంటబడదు. ఎవరు బాగుగా తన్నుదురో లెక్కకట్టెను గాని, అప్పు ఎంత, జీతము ముట్టినదా లేదా యనునది అతని లెక్కలో చేరలేదు. చేర్చుకొనుమని అతనికి ఎవ్వరును చెప్పలేదు. అతని ధీమాను వెర్రియని నేననజాలను. పాతిక రూపాయల చొక్కాయే కానిండు, జట్టు పేరున్నదని కొని తొడిగినవాడు తనవంతు ఇచ్చినవాడే.

2025లో ఆ జట్టు హైదరాబాదును విడిచి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యను పేర రాజధానికి తరలెను. ఇక దానిని నమ్ముకొను పని ఢిల్లీవారిదయ్యెను. వారును ఒకసారి పోగొట్టుకొన్నవారే. ఢిల్లీ డైనమోస్ అను వారి జట్టు 2019లో భువనేశ్వరమునకు పోయి ఒడిశా పేరు పెట్టుకొనెను.