షీనింగ్

షీనింగ్ పశ్చిమ చైనాలోని చింగ్‌హై ప్రావిన్సుకు రాజధాని. ఇది టిబెట్ పీఠభూమి ఈశాన్యపు అంచున, హువాంగ్‌షుయి నదీలోయలో, సముద్రమట్టమునకు సుమారు 2,275 మీటర్ల ఎత్తున ఉన్నది. 2020 జనగణన ప్రకారము జనాభా దాదాపు 24.7 లక్షలు. చైనా భాషలో ఈ పేరుకు "పశ్చిమమున శాంతి" అని అర్థము. సోంగ్ వంశపు పాలనలో, 1104లో, ఈ పేరు ఏర్పడినది.

ప్రజలు

చైనా మైదానములకు, టిబెట్‌కు, మధ్య ఆసియాకు పోవు దారులు కలిసే చోటు కావడము వలన ఇక్కడ అనేక జాతులు స్థిరపడినవి. హాన్ జాతివారు అధిక సంఖ్యాకులు. చైనా భాష మాట్లాడే ముస్లిములైన హుయి జాతివారు, టిబెటన్లు, తూ, సాలార్, మంగోలు జాతులవారు కూడా నివసిస్తున్నారు. చేతితో సాగదీసి చేసే గోధుమ నూడుల్సు, గొర్రె మాంసము, గట్టి పెరుగు ఇక్కడి ముఖ్య ఆహారములు.

చూడదగిన ప్రదేశములు

* దోంగ్‌గువాన్ మసీదు: మింగ్ వంశ కాలములో, 14వ శతాబ్దమున నిర్మించినట్లు చెబుతారు. దీని ఆకుపచ్చని గుమ్మటములను 2021లో తొలగించారు. కనుక పాత చిత్రములలోని రూపము నేడు కనిపించదు.
* కుంబుమ్ బౌద్ధారామము: నగరమునకు నైరుతి దిశలో సుమారు 25 కిలోమీటర్ల దూరమున ఉన్నది. టిబెటన్ బౌద్ధములోని గెలుగ్ శాఖకు మూలపురుషుడైన సోంగ్‌ఖాపా 1357లో ఇక్కడ జన్మించాడు. వెన్నతో మలచిన శిల్పములు దీని ప్రత్యేకత. భక్తులు కుడివైపుగా ప్రదక్షిణము చేస్తారు. సందర్శకులూ అదే దిశలో నడవడము మర్యాద.
* చింగ్‌హై సరస్సు: చైనాలోని సరస్సులన్నిటిలో పెద్దది. ఉప్పునీటి సరస్సు. షీనింగ్‌కు పశ్చిమమున, సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉన్నది.

ప్రయాణము, జాగ్రత్తలు

షీనింగ్ నుండి లాసాకు పోవు రైలుమార్గము పొడవు 1,956 కిలోమీటర్లు. గోల్ముద్ వరకు 1984లోను, అక్కడి నుండి లాసా వరకు 2006 జూలై 1న ప్రారంభమైనది. ఇది తంగులా కనుమ వద్ద 5,072 మీటర్ల ఎత్తును దాటుతుంది. రైలు పెట్టెలలో ప్రాణవాయువు సరఫరా ఉన్నప్పటికీ, ఒక్క రోజులో అంత ఎత్తుకు చేరుట వలన శరీరమునకు అలవాటుపడే వ్యవధి చాలదు. అందుచేత యాత్రికులు ముందుగా షీనింగ్‌లో ఒకటి రెండు రోజులు ఆగడము మేలు. తలనొప్పి, వాంతి, ఆయాసము ఎక్కువైనచో ప్రయాణము ఆపి, తక్కువ ఎత్తుకు దిగి, వైద్యుని సంప్రదించవలెను. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు బయలుదేరుటకు ముందే వైద్యుని సలహా తీసుకొనవలెను.

విదేశీయులు లాసాకు వెళ్ళవలెనన్న ప్రత్యేక అనుమతిపత్రము కావలెను. దీనిని యాత్రా సంస్థల ద్వారా ముందుగానే పొందవలెను. షీనింగ్‌లో వేసవి చల్లగా ఉంటుంది. జనవరిలో సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే తక్కువ. కావున జూన్ నుండి సెప్టెంబరు వరకు సందర్శనకు అనుకూలము.