మాయ కణాల నిరపాయ కణుపులు: నిర్ధారణ చరిత్ర

గర్భం నిలిచినప్పుడు మాయలోని ట్రోఫోబ్లాస్ట్ కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోవడం సహజం. క్యాన్సర్ కణాలూ అదే పని చేస్తాయి కనుక, కాన్పయ్యాక మిగిలిపోయిన కణాలను చూసి పొరబడడం ఈ చరిత్ర పొడవునా ఉంది. కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ గర్భానికి చెందిన కణాల నుంచే పుడుతుందని 1895లో జర్మన్ వైద్యుడు ఫెలిక్స్ మార్షాండ్ తేల్చారు. అదే ఏడాది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనలు మెథోట్రెక్సేట్‌కు దారితీశాయి. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఆ మందుతోనే ఈ క్యాన్సర్‌ను లొంగదీశారు. మందు దొరికాక, గడ్డను తప్పుగా గుర్తిస్తే జరిగే నష్టం రెండు వైపులా పెరిగింది: క్యాన్సర్ కాకపోయినా మందు పడుతుంది, అయితే మందు అందదు. 1976లో కర్మన్, స్కల్లీ, నోరిస్ మాయ కణాల గడ్డల్లో ఒక రకాన్ని బూటకపు కణితి అన్నారు. దానితో కొందరు చనిపోవడంతో 1981లో స్కల్లీ, యంగ్ దాన్ని అసలైన కణితిగానే లెక్కించారు. 1990లో యంగ్, కర్మన్, స్కల్లీ 20 కేసులు పరిశీలించి, మాయ అతుక్కున్న చోట మిగిలే చిన్న నిరపాయ కణుపును విడిగా వర్ణించారు.

గర్భసంచి ముఖద్వారంలో కనిపిస్తే ఈ కణుపు పొలుసుకణ క్యాన్సర్‌లా భ్రమింపజేస్తుంది. ఇన్హిబిన్ అనే ప్రొటీన్ కోసం చేసే రంగు పరీక్ష ఆ భ్రమ తొలగిస్తుంది: ట్రోఫోబ్లాస్ట్ కణాలు రంగు పట్టుకుంటాయి, ఆ క్యాన్సర్ కణాలు పట్టుకోవు. కణవిభజన వేగం చెప్పే కేఐ-67 కణుపులో సాధారణంగా 10 శాతం లోపే. 1998లో షీ, కర్మన్ వర్ణించిన ఎపిథెలియాయిడ్ ట్రోఫోబ్లాస్టిక్ కణితిలో అంతకు మించుతుంది. రక్తంలో గర్భ హార్మోన్ హెచ్‌సీజీ మీదే ఆధారపడలేం, ఇలాంటి కణితుల్లోనూ అది స్వల్పంగానే పెరగవచ్చు.

కుటుంబ నియంత్రణ ఆపరేషనై ఏళ్లు గడిచిన స్త్రీలో మాయ కణాలెలా ఉంటాయన్న సందేహం సహజమే. కానీ ఈ కణుపు చివరి కాన్పు తర్వాత ఏళ్లకు కూడా బయటపడవచ్చు. ఆంధ్రలో ఎక్కువమంది స్త్రీలు చిన్న వయసులోనే ఆ ఆపరేషన్ చేయించుకుంటారు కాబట్టి ఇక్కడ ఈ సందేహం తప్పుదారి పట్టించవచ్చు. పిల్లలు చాలనుకున్నాక గర్భసంచి తీసేస్తే పోలేదా అనేవారూ ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగించే ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువగా కనిపించే రాష్ట్రం మనదే. కానీ మామూలు కణుపుకు చికిత్సే అక్కర్లేదు. అసాధారణ లక్షణాలున్న కణుపుల విషయం వేరు: లండన్‌లోని చేరింగ్ క్రాస్ వైద్యులు 2015లో, వాటిలో 10–15 శాతం ప్రాణాంతక కణితులతో ముడిపడి ఉన్నాయని చూపారు. ఆ రకానికి స్కానింగులు, నిపుణుల రెండో అభిప్రాయం తప్పవు. దివిసీమ, గుడివాడ, కూచిపూడి ప్రాంతాల నుంచి వచ్చే కణజాల ముక్కలకు ఈ రంగు పరీక్షలు, 2023లో మొదలైన మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాలలోనే జరిగేలా చూడాలి.